అభిమాన గాయకుడు పార్టీ కండువా కప్పుకుంటే మనం ఏం చేయాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న జాగ్రత్తగా చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. నువ్వు హైదరాబాద్‌లో ఒక జానపద గాయకుడి అభిమానుల పేజీ నడుపుతున్నావు. ఆయన ఈ మధ్య ఒక పార్టీలో చేరాడు. పేజీలో సగం మంది అమ్ముడుపోయాడని తిడుతున్నారు, మిగతా సగం ఆ తిట్టేవాళ్లను తిడుతున్నారు. నీ పేజీలో అన్నిటికంటే ఎక్కువ మంది చూసిన వీడియో తెలంగాణ ఉద్యమ కాలంలో ఆయన పాడిన ధూంధాం పాట (ధూంధాం అంటే ప్రత్యేక రాష్ట్రం కోసం ఆటపాటలతో జరిపిన సభ). పాట పాడేవాళ్లకు అసలు రాజకీయాలెందుకు, ఇక ఆయన పాటలు వినాలా వద్దా, పేజీ మూసేయాలా అని అడిగావు.

నేను ఉద్యమ రోజుల్లో ధూంధాం వేదికల మీద డప్పు కొట్టాను, కోరస్ పాడాను. తర్వాత నగరంలోనే చిన్న రికార్డింగ్ స్టూడియో పెట్టుకున్నాను. బోనాల పాటలు, బతుకమ్మ పాటలు, పెళ్లి పాటలతో పాటు దాదాపు అన్ని పార్టీల ఎన్నికల పాటలూ రికార్డు చేశాను. వేదిక కింద చప్పట్లు కొట్టేవాళ్లూ తెలుసు, వేదిక వెనక పేమెంట్ కోసం ఎదురుచూసేవాళ్లూ తెలుసు. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

నీ మొదటి ప్రశ్నకు జవాబు నీ పేజీలోనే ఉంది. ఎక్కువ మంది చూసిన ఆ పాట రాజకీయ పాటే కదా. ఆ రోజు ఆయన రాష్ట్రం కావాలని పాడితే మనకు అది రాజకీయం అనిపించలేదు. అది మన మాటే కాబట్టి. తెలంగాణలో పాటకు రాజకీయం కొత్తగా అంటుకోలేదు. నిజాం మీద, దొరల మీద సాయుధ పోరాటం జరిగిన రోజుల్లో సుద్దాల హనుమంతు, బండి యాదగిరి లాంటి వాళ్లు పాటలు కట్టారు. ఊళ్లో సభ అంటే ముందు పాట, తర్వాతే ఉపన్యాసం. యాదగిరి పాటను ముప్పై ఏళ్ల తర్వాత ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడితే అప్పటిదాకా వినని వాళ్లు కూడా విన్నారు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం జిల్లాలన్నీ తిరిగింది. నాయకుల ప్రసంగాలు ఎన్ని గుర్తున్నాయో గానీ ఆ పాటలు మాత్రం అందరికీ నోటికొచ్చు. అంత జరిగాక, రాష్ట్రం వచ్చింది కాబట్టి ఇక నోరు మూసుకుని ప్రేమ పాటలు పాడుకోండి అని కళాకారులకు చెప్పడం నాకు న్యాయంగా అనిపించదు.

ఆ పాటల కోసం వాళ్లు ఏం పోగొట్టుకున్నారో కూడా గుర్తుపెట్టుకోవాలి. భువనగిరి ఆడబిడ్డ బెల్లి లలిత తెలంగాణ గురించి పాడుతూ ఊరూరా తిరిగింది. 1999 మే నెలలో ఆమెను చంపి ముక్కలు చేశారు. అప్పటికి ఉద్యమం పదవులిచ్చే స్థాయికి ఇంకా రాలేదు. పాడితే ప్రాణం పోవచ్చని తెలిసీ పాడినవాళ్లు ఉన్నారు. మన దగ్గర గాయకుడి మీద అభిమానం ఇంత లోతుగా ఉండటానికి అది ఒక కారణం. పార్టీ మారినప్పుడు కోపం అంత తీవ్రంగా రావడానికీ అదే కారణం.

ఈ కోపం గురించి కొంచెం ఆలోచించు. ఆయనకు రాజకీయం ఉందని నీ పేజీలో ఎవరికీ కోపం లేదు. ఆయన పాటలో ఉన్న మనుషుల పక్కన ఆయన ఇంకా నిలబడి ఉన్నాడా లేదా అన్నదే వాళ్ల బాధ. రైతు గురించి, చెరువు గురించి, వలస పోయిన తల్లి గురించి పాడితే వినేవాడు అది తన ఇంటి సంగతి అనుకుంటాడు. ఆ పాటలో తనకూ వాటా ఉందనుకుంటాడు. సినిమా పాటకు అలా ఉండదు. అందుకే హీరో పార్టీ మారితే రెండు రోజులు మాట్లాడుకుని వదిలేస్తారు, ఉద్యమ గాయకుడు మారితే ఇంట్లో మనిషి మారినంత బాధపడతారు. ఆ బాధను నేను తప్పుపట్టను. కానీ అందరి మీదా ఒకే కోపం చూపిస్తే అన్యాయం జరుగుతుంది. ఎందుకంటే పార్టీ పాట పాడిన ప్రతి ఒక్కరూ ఒకే పని చేయలేదు.

ముందు డబ్బుకు పాడే ఎన్నికల పాట సంగతి చూద్దాం, బయటివాళ్లకు ఇది సరిగ్గా తెలియదు. నామినేషన్లకు చాలా ముందు నుంచే మాకు స్టూడియోల్లో తీరిక ఉండదు. అభ్యర్థి తరఫు మనుషులు వస్తారు. యూట్యూబ్‌లో బాగా ఆడిన జానపదం ఒకటి వినిపించి, ఇదే బాణీలో అన్న పేరు, గుర్తు, మండలాల పేర్లు రావాలంటారు. రాసేవాళ్లు అక్కడే కూర్చుని రాసిస్తారు. కీబోర్డు ప్లేయర్ ట్రాక్ కడతాడు, డప్పు, కోరస్ పడతాయి, చివరికి గాయకుడో గాయనో వచ్చి పాడి వెళ్తారు. సాయంత్రానికి మిక్సింగ్ అయిపోయి పాట పెన్‌డ్రైవ్‌లో ప్రచార రథం ఎక్కుతుంది. పొద్దున గులాబీ జెండాకు కోరస్ పాడిన పిల్లలే మధ్యాహ్నం చేతి గుర్తుకు, రాత్రి కమలానికి పాడతారు. ఒక నియోజకవర్గంలో ఒక పార్టీకి, పక్క నియోజకవర్గంలో దాని ప్రత్యర్థికి పాడిన గొంతులు నాకు చాలా తెలుసు. డబ్బు మాత్రం పాటకు ముందే తీసుకోవాలి, ఓడిపోయిన అభ్యర్థి దగ్గర బాకీ వసూలు కాదు. ఈ సీజన్ మీద చాలా కుటుంబాలు ఏడాది స్కూలు ఫీజులు కడతాయి. బోనాలు, బతుకమ్మ, పెళ్లిళ్లు అయిపోయాక ఖాళీగా ఉండే నెలలు ఎక్కువ.

ఇలా పాడినవాళ్లను పార్టీ మనుషులు అనుకుని వెంటపడటం తప్పు. గాయని మంగ్లీ విషయంలో జరిగింది చూడు. 2019 ఎన్నికలప్పుడు ఆమె వైసీపీకి పాట పాడారు, తర్వాత ఆ ప్రభుత్వంలో టీటీడీ భక్తి ఛానెల్ ఎస్వీబీసీకి సలహాదారు పదవి వచ్చింది. ప్రభుత్వం మారాక, 2025 రథసప్తమికి అరసవల్లి గుడిలో ఒక కేంద్ర మంత్రి వెంట ఆమె దర్శనానికి వెళ్లినందుకు టీడీపీ కార్యకర్తలు సోషల్ మీడియాలో విరుచుకుపడ్డారు. ఆ పాట వల్ల తనకు అవకాశాలు పోయాయని, ఇక పార్టీల కోసం పాడనని ఆమె బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. పదవి తీసుకున్నారు కాబట్టి ప్రశ్నలు వస్తాయి, అది సహజం. గుడికి వెళ్లినందుకు తిట్లు తినడం మాత్రం ఏ కళాకారిణికీ రాకూడదు. ఒక తండా నుంచి వచ్చి గొంతు మీద బతికే అమ్మాయికి పాడొద్దు అని చెప్పే ముందు, ఆ నెల ఆమె ఇంటికి ఎవరు డబ్బిస్తారో కూడా మనం చెప్పాలి.

కాబట్టి నీ గాయకుడు డబ్బు తీసుకుని ఒక పాట పాడి ఉంటే దాన్ని పట్టించుకోవద్దు అంటాను. కానీ ఆయన కండువా కప్పుకున్నాడు అంటున్నావు. అది వేరే సంగతి, దానికి మన దగ్గర పెద్ద చరిత్ర ఉంది.

గద్దర్ జీవితం చూస్తే అభిమానులు ఎన్ని రకాలుగా స్పందిస్తారో మొత్తం అందులోనే దొరుకుతుంది. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు కెనరా బ్యాంకు ఉద్యోగం 1984లో వదిలేసి నక్సలైట్ ఉద్యమ సాంస్కృతిక బృందం జననాట్యమండలి పనిలో పూర్తిగా దిగాడు. అజ్ఞాతంలోకి వెళ్లి 1990లో బయటికి వచ్చినప్పుడు నిజాం కాలేజీ మైదానం జనంతో నిండిపోయింది. 1997 ఏప్రిల్ 6న ఆల్వాల్ దగ్గర వెంకటాపురంలో ఇంటి దగ్గరే ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చనిపోయేదాకా ఆయన వెన్నులోనే ఉంది. ఎన్నికలు బూటకం అని పాడిన మనిషి. అలాంటి మనిషి 2017లో గుళ్లకు వెళ్లడం మొదలుపెట్టాడు. 2018 డిసెంబర్‌లో జీవితంలో మొదటిసారి ఓటేశాడు. 2023 జూన్‌లో సొంత పార్టీ ప్రకటించి, జులైలో ఖమ్మం కాంగ్రెస్ సభలో రాహుల్ గాంధీని గుండెలకు హత్తుకున్నాడు. ఆగస్టు 6న చనిపోయాడు.

ఈ ఒక్కో మలుపు దగ్గరా కొందరు అభిమానులు ఆయన్ని వదిలేశారు. గుడికి వెళ్లిన ఫొటో చూసి కొందరు, ఓటేసిన వేలు చూసి కొందరు. ఇంకొందరైతే అప్పుడే దగ్గరయ్యారు. అడవి దారి నచ్చకపోయినా పాట నచ్చినవాళ్లకు ఆ మార్పు సంతోషం ఇచ్చింది. ఎల్బీ స్టేడియంలో ఆయన దేహాన్ని ఉంచినప్పుడు వచ్చిన జనంలో ఈ రెండు రకాలవాళ్లూ ఉన్నారు. పార్టీ తేడా లేకుండా నాయకులూ వచ్చారు. ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు చేస్తే, నక్సలైట్ల చేతిలో చనిపోయిన పోలీసుల సంగతేంటని కొందరు గట్టిగా అడిగారు. ప్రభుత్వం మీద అన్నేళ్లు పాడినవాడికి అదే ప్రభుత్వం తుపాకీ వందనం చేయడం ఏమిటని అటువైపు నుంచీ బాధపడ్డవాళ్లున్నారు. ఆ వాదన ఇంకా అయిపోలేదు. నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరుతో సినిమా అవార్డులు ఇస్తామని 2024 జనవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు, 2025 జూన్‌లో ఇచ్చారు. అదే 2025 జనవరిలో ఆయనకు పద్మ పురస్కారం ఇచ్చేది లేదని కేంద్ర మంత్రి బండి సంజయ్ అనడం, దాని మీద కాంగ్రెస్ మండిపడటం మనం చూశాం.

నాకు దీంట్లో అర్థమైంది ఏమిటంటే, ఒక్కో అభిమాని దగ్గర ఒక్కో గద్దర్ ఉన్నాడు. గోచీ కట్టి, గొంగడి భుజాన వేసుకుని, కాళ్లకు గజ్జెలతో ఎగిరిన గద్దర్ ఒకరికి. ప్రత్యేక తెలంగాణ గద్దర్ ఇంకొకరికి. చివరి రోజుల్లో రాజ్యాంగం పుస్తకం చేతిలో పట్టుకుని తిరిగిన గద్దర్ మరొకరికి. మనిషి మాత్రం ఒక్కడే, నడుస్తూనే ఉన్నాడు. నేను వ్యక్తిగతంగా ఆయన చివరి రాజకీయాలతో పూర్తిగా ఏకీభవించలేదు. కానీ ఆయన దారి మార్చుకున్నది పదవి కోసం అని నేను ఎప్పుడూ అనుకోలేదు. తూటా తిన్నాక కూడా పాడినవాడి మాటలో మార్పు వస్తే, ముందు ఆయన ఏం చెప్తున్నాడో వినాలి. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ తర్వాత.

ఇక రాష్ట్రం వచ్చాక పదవులు తీసుకున్నవాళ్ల సంగతి. ధూంధాం ముందుండి నడిపిన రసమయి బాలకిషన్ 2014లోనూ 2018లోనూ మానకొండూరు ఎమ్మెల్యే అయ్యారు, కళాకారుల కోసం ప్రభుత్వం పెట్టిన సాంస్కృతిక సారథి సంస్థకు ఛైర్మన్‌గా చేశారు. దేశపతి శ్రీనివాస్ ముఖ్యమంత్రి కార్యాలయంలో ప్రత్యేకాధికారిగా (ఓఎస్డీ) పనిచేసి ఎమ్మెల్సీ అయ్యారు. సాయిచంద్ గిడ్డంగుల సంస్థ ఛైర్మన్‌గా ఉండగానే 2023 జూన్‌లో చిన్న వయసులో చనిపోయాడు. పల్లె దుఃఖాన్ని రాష్ట్రమంతటికీ వినిపించిన గోరటి వెంకన్న 2020లో గవర్నర్ కోటాలో ఎమ్మెల్సీ అయ్యారు, మరుసటి ఏడాదికి సాహిత్య అకాడమీ పురస్కారం కూడా అందుకున్నారు. సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు ఉద్యోగాలు వచ్చాయి. ఆ ఉద్యోగాలను ఎగతాళి చేసేవాళ్ల మాట నేను ఒప్పుకోను. ఉద్యమమప్పుడు వాళ్లకు చాలాసార్లు బస్సు ఛార్జీలు, రాత్రి ఒక పూట భోజనం తప్ప ఏమీ దొరకలేదు. గజ్జె కట్టినవాడి ఇంట్లో నెల జీతం వస్తే, పిల్లలు చదువుకుంటే, దాన్ని అమ్ముడుపోవడం అనే హక్కు మనకు లేదు.

మరి అభిమానుల ఫిర్యాదులో నిజం లేదా? ఉంది. అది ధర్నాచౌక్ దగ్గర బయటపడింది. ఇందిరా పార్క్ పక్కన ఉన్న ఆ చోటు నగరంలో అందరి గోడూ వినిపించుకునే జాగా. 2017లో ప్రభుత్వం అక్కడ ధర్నాలు వద్దంది. పెద్ద గొడవ జరిగింది, 2018లో హైకోర్టు ఉత్తర్వులతో గానీ మళ్లీ తెరుచుకోలేదు. ఆ రోడ్డు మీద కూర్చుని పాటలు నేర్చుకున్నవాళ్లు, అక్కడ పాడి పేరు తెచ్చుకున్నవాళ్లు ఆ సమయంలో ఎక్కువమంది మాట్లాడలేదు. అప్పుడు అభిమానులు అడిగిన ప్రశ్న ఒక్కటే: అన్నా, నీ పాట ఏమైంది? ఆ ప్రశ్న అడిగినవాళ్లు ప్రతిపక్ష పార్టీ మనుషులు కాదు, అంతకుముందు దాకా ఆ గాయకుల క్యాసెట్లు కొని విన్నవాళ్లే.

స్టూడియోలో ఈ సంగతి నాకు ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. పార్టీలో చేరిన గాయకుడు పాత పాటను కొత్త మ్యూజిక్‌తో మళ్లీ రికార్డు చేద్దామని వస్తాడు. అంతా బాగానే ఉంటుంది. మూడో చరణం దగ్గరికి వచ్చేసరికి, అన్నా, ఇది ఇప్పుడు వద్దులే, తీసేద్దాం అంటాడు. ఆ చరణంలో కరెంటు కోతో, ఉద్యోగాల నోటిఫికేషన్లో, భూములు పోయినవాళ్ల సంగతో ఉంటుంది. ఏ పార్టీవాళ్లకైనా ఇదే జరుగుతోంది, ప్రభుత్వం మారితే తీసేసే చరణం మారుతుందంతే. ఆ చరణం దగ్గర మాత్రం నేను అభిమాని పక్షాన ఉంటాను. పదవి తీసుకో, జీతం తీసుకో, కారు ఎక్కు. కానీ ఎవరి గోస పాడి ఇంత దూరం వచ్చావో వాళ్ల గోస ఉన్న చరణం కోసేయకు. నీ గాయకుడి విషయంలో నువ్వు చూడాల్సింది ఇదే అనుకుంటున్నాను. పార్టీలో చేరాక పాత పాటలు పూర్తిగా పాడుతున్నాడా? తన పార్టీ అధికారంలో ఉన్న చోట జరిగిన తప్పు గురించి నోరు విప్పుతున్నాడా? ఈ రెండూ చేస్తుంటే కండువా రంగు గురించి నాకు పట్టింపు లేదు.

పదవి తీసుకోకుండా బయటే ఉన్నవాళ్ల సంగతీ చెప్పాలి. అరుణోదయ అనే సాంస్కృతిక బృందం గాయని విమలక్క తెలంగాణ కోసం పాడింది, రాష్ట్రం వచ్చాక కూడా ప్రశ్నిస్తూనే ఉంది. 2016లో దోమలగూడలోని వాళ్ల ఆఫీసును పోలీసులు సీజ్ చేశారు. ఆ రోజు ఆమె కోసం ఎంత మంది అభిమానులు వీధిలోకి వచ్చారు? గాయకుడు అమ్ముడుపోతే తిట్టడానికి వేలమంది ఉంటారు, నిలబడితే పక్కన నిలబడటానికి కొద్దిమందే ఉంటారు. కళాకారులు పార్టీల నీడకు ఎందుకు వెళ్తారని అడిగేవాళ్లు దీని గురించి కూడా ఆలోచించాలి.

కవి అందెశ్రీ పాట విషయం కొంచెం వేరు. ఉద్యమంలో ‘జయ జయహే తెలంగాణ’ పాడని సభ లేదు, బడుల్లో కూడా పాడారు. కానీ రాష్ట్రం వచ్చాక పదేళ్ల పాటు దాన్ని అధికారికంగా రాష్ట్ర గీతం చేయలేదు. ప్రభుత్వం మారాక 2024 జూన్ 2న చేశారు. ఎం.ఎం. కీరవాణితో సంగీతం చేయిస్తే, తెలంగాణ వాళ్లకు అవకాశం ఇవ్వాల్సిందని ఇక్కడి సినీ మ్యుజీషియన్స్ అసోసియేషన్ ముఖ్యమంత్రికి లేఖ రాసింది. అందెశ్రీ 2025 నవంబర్‌లో చనిపోయారు. అదే ఏడాది డిసెంబర్‌లో రవీంద్రభారతిలో బాలసుబ్రహ్మణ్యం విగ్రహం పెడుతుంటే కొందరు తెలంగాణవాదులు అడ్డుచెప్పారు. బాలు గొంతు ప్రతి తెలుగు ఇంట్లో ఉంది. అయినా ఈ నగరంలో విగ్రహం అనేసరికి ఎవరి కళాకారుడు, ఎవరి స్థలం అన్న ప్రశ్న లేచింది. నా ఉద్దేశంలో తెలంగాణ కళాకారులకు జరిగిన నిర్లక్ష్యం నిజం, ఆ కోపానికి అర్థం ఉంది. ఆ కోపాన్ని బాలు మీద చూపించాల్సిన అవసరం మాత్రం లేదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గాయకుడు ఏ పార్టీలో చేరకపోయినా, కొన్నిసార్లు చనిపోయాక కూడా, జనం ఆయన్ని రాజకీయంలోకి లాగుతారు. 2023లో గాయకుడు రాహుల్ సిప్లిగంజ్ గోషామహల్ నుంచి పోటీ చేస్తాడని పుకారు లేస్తే, అలాంటిదేమీ లేదని ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది.

బయట ఏం జరిగిందో కూడా కొంచెం చెప్తాను, ఎందుకంటే నీ పేజీలో ఒకాయన ‘అమెరికాలో అయితే ఇలా ఉండదు’ అని రాశాడన్నావు. అక్కడ ఇంతకంటే ఎక్కువే ఉంది. డిక్సీ చిక్స్ అని, కంట్రీ అనే అమెరికా పల్లె బాణీ పాటలు పాడే ముగ్గురు ఆడవాళ్ల బృందం. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధానికి కొద్ది రోజుల ముందు, లండన్ కచేరీలో వాళ్ల ప్రధాన గాయని నటాలీ మెయిన్స్, అధ్యక్షుడు బుష్ తమ టెక్సస్ వాడైనందుకు సిగ్గుపడుతున్నామంది. రేడియో స్టేషన్లు వాళ్ల పాటలు ఆపేశాయి, అభిమానులు సీడీలు తెచ్చి కుప్పపోసి బుల్డోజర్‌తో తొక్కించారు, చంపుతామని బెదిరింపులు వచ్చాయి. వాళ్లు వెనక్కి తగ్గలేదు. 2007లో అదే బృందానికి ఐదు గ్రామీ అవార్డులు వచ్చాయి. కానీ కంట్రీ రేడియోలో పోయిన చోటు మాత్రం మళ్లీ దొరకలేదు. అభిమానులు వదిలేస్తే గాయకుడు బతకగలడు, కొత్త అభిమానులు వస్తారు. పాటను జనానికి చేర్చే దారి మూసుకుపోతే మాత్రం కోలుకోవడం కష్టం.

గాయకులు చెప్తే అభిమానులు ఓటేస్తారా అన్నదానికి టేలర్ స్విఫ్ట్ మంచి ఉదాహరణ. 2024 సెప్టెంబర్‌లో కమలా హారిస్‌కు మద్దతిస్తూ ఓటు నమోదు లింకు పెడితే ఒక్క రోజులో 4 లక్షల మందికి పైగా ఆ లింకు నొక్కారు. హారిస్ ఓడిపోయారు. 2023లో రసమయి కూడా మానకొండూరులో ఓడిపోయారు. పాట విని చప్పట్లు కొట్టడం, ఓటు వేయడం రెండూ వేరని మన జనానికి బాగా తెలుసు.

చెన్నైలో కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణ విషయంలో శ్రోతల కంటే ముందు తోటి విద్వాంసులే కదిలారు. 2024 మార్చిలో మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి పురస్కారం ప్రకటిస్తే, ఆయన పెరియార్‌ను కీర్తిస్తున్నారని అభ్యంతరం చెప్తూ గాయనులు రంజని, గాయత్రి ఆ సీజన్‌లో అక్కడ పాడబోమన్నారు. ఇళయరాజా 2022లో ఒక పుస్తకానికి ముందుమాట రాస్తూ మోదీని అంబేడ్కర్‌తో పోల్చినప్పుడు ఆయన పాటలతో పెరిగిన చాలామంది బాధపడ్డారు, మూడు నెలల్లో ఆయన్ని రాజ్యసభకు నామినేట్ చేశారు. ఆ రాత్రి కూడా హైదరాబాద్‌లో క్యాబుల్లో ఆయన పాటలే మోగాయి. అది తప్పని నేననను. మన పెళ్లిళ్లలో, ప్రయాణాల్లో, ఏడ్చిన రాత్రుల్లో కలిసిపోయిన పాటను ఒక ముందుమాట కోసం ఎవరూ తీసి పారేయలేరు. పారేయాల్సిన పనీ లేదు.

ఆడవాళ్ల సంగతి ఒక మాట. మగ గాయకుడు పార్టీ మారితే అమ్ముడుపోయాడంటారు. గాయని నోరు విప్పితే ఆమె ఒంటి గురించి, మొగుడి గురించి, కులం గురించి రాస్తారు. గాయని చిన్మయి 2018లో లైంగిక వేధింపుల మీద ‘మీటూ’ అంటూ మాట్లాడినప్పటి నుంచి ఎదుర్కొంటున్నది మనందరం చూస్తున్నాం. అది అభిమానుల స్పందన కిందకు రాదు, నేరం కిందకు వస్తుంది. నీ పేజీలో అలాంటిది ఒక్కటి కనిపించినా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, తీసేయ్, అవసరమైతే ఆడవాళ్ల రక్షణ చూసే షీ టీమ్స్ పోలీసులకో సైబర్ క్రైమ్ వాళ్లకో పంపు. రెండోసారి హెచ్చరిక అక్కర్లేదు.

ఇక వినాలా వద్దా అన్నది. అది నీ ఇష్టం, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. కానీ ఆయన పాటల్ని బహిష్కరించాలని పేజీలో పిలుపు ఇచ్చే ముందు ఒకటి తెలుసుకో. జానపదంలో చాలా పాటలకు గాయకుడికి ఒక్కసారే డబ్బిచ్చేస్తారు. తర్వాత యూట్యూబ్‌లో వచ్చేదంతా ఛానెల్ యజమానికి. నువ్వు చూడటం మానేస్తే నష్టపోయేది ఆ ఛానెల్, దానికి రాసే కవి, వాయించే పిల్లలు. పార్టీలో చేరినాయనకు పెద్దగా తెలియను కూడా తెలియదు. పైగా నీ పేజీలో ఉన్న చాలా పాటలు ఆయన రాసినవి కావు. ఊళ్లో ఎవరో కట్టినవి, ఇంకెవరో బాణీ ఇచ్చినవి. ఆయన పార్టీ మారినంత మాత్రాన వాళ్ల పాట మారలేదు.

పేజీ మూసేయొద్దు. పేరు మార్చు, ‘అభిమానులు’ అన్న మాట తీసేసి పాటల పేజీగా నడుపు. ప్రతి పాట కింద రాసినవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు, కోరస్ పాడినవాళ్ల పేర్లు తెలిసినంత వరకు పెట్టు. ఏ పార్టీ పోస్టర్లూ రానివ్వకు, ఆయన పార్టీవి కూడా. విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా ఉంచు. కులం పేరుతో తిట్టేవి, ఫోన్ నంబర్లు, కుటుంబ సభ్యుల ఫొటోలు తీసేయ్. ఆయన మీద అభిమానంతో విమర్శించినవాణ్ణి బ్లాక్ చేస్తే, పేజీలో చివరికి పార్టీ కార్యకర్తలే మిగులుతారు.

చివరగా, ఆయనకు ఒక ఉత్తరం రాయి. తిట్లు వద్దు, పొగడ్తలు కూడా వద్దు. ‘అన్నా, మా పేజీలో అందరూ చూసే ఆ ధూంధాం పాటను మీ పార్టీ సభలో అన్ని చరణాలతో పాడతారా?’ అని అడుగు. జవాబు వస్తే ముక్కలు చేయకుండా మొత్తం పేజీలో పెట్టు. నెల రోజులు చూసినా రాకపోతే నీ ఉత్తరం పెట్టు, జవాబు రాలేదని ఒక్క వాక్యం రాయి, ఇంకేమీ కలపకు.